సిలిండర్ ఆర్మ్ మెషీన్: 22 నంబర్ సూది వేసినా కుట్టు దాటేస్తోంది, కొత్త సూదులేమో విరిగిపోతున్నాయి

పర్లాకిమిడి బెల్టులు (ఉదయం 6:50)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో బెల్టులు, పర్సులు, బైకు టూల్ బ్యాగులు కుట్టే చిన్న షాపు నాది. ఇన్నేళ్లూ బల్ల మెషీన్ మీదే నెట్టుకొచ్చాను. బ్యాగు అడుగు భాగం, గుండ్రటి పక్కలు దాని మీద సరిగా తిరగవు. అందుకని రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక సిలిండర్ ఆర్మ్ (బల్ల బదులు గొట్టంలాంటి చెయ్యి ఉండే మెషీన్) కొన్నాను. జూకీ కంపెనీ 341 రకం. సూది, లోపలి పాదం, కింద పళ్లు మూడూ కలిసి తోలును లాగే కాంపౌండ్ ఫీడ్.

రెండు పొరల పర్సు తోలు బాగానే కుడుతోంది. బెల్టు కొనకి బకిల్ మడత దగ్గరికి వచ్చేసరికి, అంటే 5 మి.మీ. దాటాక, రెండు కుట్లు వేసి ఒకటి దాటేస్తోంది. అక్కడే పైనుంచి టక్ టక్ అని చప్పుడు కూడా వస్తోంది. సూది మొనలో లోపం ఉందేమోనని తోలు సూదులు బయటినుంచి తెప్పించాను. అవి వేస్తే మొదటి కుట్టుకే ఫట్‌మని విరిగాయి. మూడు పోయాయి. నాలుగోది వేయడానికి చెయ్యి రావడం లేదు.

దీనికి స్పీడ్ తగ్గించే రెడ్యూసర్ పెట్టించాలని, తోలు మీద గాట్లు పడకుండా పళ్లు అరగదీయించాలని అనుకుంటున్నాను. ముందు ఏది చేయించమంటారు?

ఇచ్ఛాపురం సీటు కవర్లు (ఉదయం 7:25)

టైమింగ్, అంటే సూదీ, దారం లూప్ అందుకునే కింది హుక్కూ కలిసే క్షణం, పోయి ఉంటుంది తమ్ముడూ. హుక్ స్క్రూలు లూజ్ చేసి కాస్త ముందుకు తిప్పి చూడు. పై టెన్షన్ కూడా తగ్గించు.

జయపురం తోలుపని (ఉదయం 7:40)

అన్నా, హుక్ మాత్రం ఇప్పుడే ముట్టుకోనివ్వకండి. పల్చటి తోలు శుభ్రంగా కుడుతోందని ఆయనే రాశారు కదా. టైమింగ్ నిజంగా పోతే పల్చటి తోలు మీదా కుట్టు దాటుతుంది. ఇబ్బంది మందం దగ్గరే వస్తోంది. ఆ టక్ టక్ ఎక్కడిదో ముందు తేల్చాలి.

బరంపురం పాత మెకానిక్ (ఉదయం 8:15)

బాబూ, మోటారు ఆపేసి మూడు పనులు చేసి చెప్పు. ఒకటి, ఇప్పుడు వేస్తున్న సూదుల ప్యాకెట్, విరిగిన సూదుల ప్యాకెట్ రెండింటి మీదా ఉన్న నంబర్లు మొత్తం రాయి. ఒక్క 22 అని రాస్తే నాకు చాలదు. రెండు, మందమైన తోలు పాదం కింద పెట్టి చక్రం చేత్తో మెల్లగా తిప్పు. సూది అడుగుకి దిగినప్పుడు నీడిల్ బార్ (సూదిని పట్టుకునే కడ్డీ) కొన లోపలి పాదానికి తగులుతోందేమో కిందికి వంగి చూడు. మూడు, ఎడమ పక్క మూత తీసి, బార్‌ను పట్టుకున్న క్లాంపు కింద బార్ మీద పాత గీతలు, స్క్రూ నొక్కిన గుంట ఏమైనా కనిపిస్తాయేమో టార్చి వేసి చూడు.

పర్లాకిమిడి బెల్టులు (మధ్యాహ్నం 1:10)

బాబాయ్ గారూ, చూశాను. ఇప్పుడు వాడుతున్నవి మెషీన్‌తో పాటు వచ్చినవే. అయిపోతే ఇక్కడి బజారులో కొన్నాను. ఆ ప్యాకెట్ మీద డీపీ×5, 22 అని ఉంది. విరిగినవి 135×16, 22. మీరు చెప్పినట్టే బార్ కొన లోపలి పాదం మీద కొడుతోంది. పాదం పైభాగంలో మెరుస్తూ ఒక నొక్కు పడి ఉంది. క్లాంపుకి కాస్త కింద బార్ మీద గుండ్రటి చిన్న గుంట కనిపించింది. స్కేలు పెట్టి చూస్తే స్క్రూ ఉన్న చోటికీ దానికీ 5 మి.మీ. ఉంటుంది.

బరంపురం పాత మెకానిక్ (మధ్యాహ్నం 2:30)

దొరికింది. నీ మెషీన్‌కి జబ్బేం లేదు. పొట్టి సూది కోసం దాన్ని ఎవరో మార్చారు, అంతే.

సూదికి రెండు నంబర్లుంటాయి బాబూ. ఒకటి లావు: 18, 20, 22, 23. మెట్రిక్‌లో ఇవే 110, 125, 140, 160. అంటే సూది లావు 1.1 మి.మీ. నుంచి 1.6 మి.మీ. దాకా. రెండోది సూది జాతి. మొదలు ఎంత లావుండాలి, మొదలు నుంచి కన్ను దాకా ఎంత పొడవుండాలి అన్నది జాతిని బట్టి ఉంటుంది. మన ఊళ్లలో షాపుకెళ్లి 'మోటా ఛుంచి' అని అడిగితే వాళ్లు లావు నంబరే చూసి ఇస్తారు. బజారులో దొరికేది ఎక్కువగా డీపీ×5. అది మామూలు బట్ట మెషీన్ల సూది. నీ మెషీన్‌కి పడాల్సింది 135×17 కుటుంబం, 135×16 కూడా అందులోదే. రెండింటికీ మొదలు 2 మి.మీ. లావే కాబట్టి డీపీ×5 అందులో చక్కగా దూరిపోతుంది. కానీ అది దాదాపు 5 మి.మీ. పొట్టి.

పొట్టి సూది వేస్తే కన్ను హుక్ దాకా దిగదు, కుట్టు పడదు. అప్పుడు ఎవరో మెకానిక్ క్లాంపు లూజ్ చేసి బార్‌నే 5 మి.మీ. కిందికి దించాడు. కుట్టు పడింది. పల్చటి తోలుకి బాగానే ఉంది. తోలు మందమయ్యే కొద్దీ లోపలి పాదం ఎత్తులో ఉంటుంది, బార్ ఏమో ఉండాల్సిన దానికన్నా కిందికి దిగుతుంది. రెండూ గుద్దుకుంటాయి, అదే నీ టక్ టక్. ఆ దెబ్బకి తోలు కదులుతుంది, సూది వంగుతుంది, హుక్ మొనకి దారం లూప్ అందదు. ఇక నువ్వు తెప్పించిన 135×16 సరైన సూదే. దించిన బార్‌లో వేశావు కాబట్టి 5 మి.మీ. ఎక్కువ దిగి కింద ఇనుముకి తగిలి విరిగింది.

ఆ మెకానిక్‌ను నేను తప్పు పట్టను. ఆ రోజు ఆయన చేతిలో ఉన్న సూది అది. కానీ దించిన సంగతి మెషీన్ మీద ఒక చీటీ రాసి అంటించి ఉంటే నీ మూడు సూదులు మిగిలేవి.

గుణుపురం సంచులు (మధ్యాహ్నం 3:05)

బాబాయ్ గారు చెప్పింది నాకూ అనుభవమే తమ్ముడూ. నేను సూదులు పది ప్యాకెట్లు ఒకేసారి తెప్పించి పెట్టుకుంటాను. కొన్నాక తేడా ఇంకోటి చూసుకో: 135×17 అంటే గుండ్రటి మొన, బట్టకీ రెగ్జిన్‌కీ. 135×16 అంటే కోసుకుంటూ దిగే తోలు మొన. కాన్వాస్‌కి తోలు మొన వేస్తే పోగులు తెగుతాయి. తోలుకి గుండ్రటి మొన వేస్తే సూది వేడెక్కి నైలాన్ దారం కరుగుతుంది. నేను రెండు డబ్బాల మీదా పెద్దక్షరాలతో రాసి పెట్టాను. మా దగ్గర పని చేసే పిల్లలు ఒడియా చదువుతారు, వాళ్లకి ఒడియాలో కూడా రాయించాను.

తోలు మొన వాడేటప్పుడు కుట్టు మరీ దగ్గరగా పెట్టకు. పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు వరుస కట్టి, లాగితే అక్కడే చిరుగుతుంది. బెల్టుకి అంగుళానికి 6, 7 కుట్లు చాలు.

పర్లాకిమిడి బెల్టులు (సాయంత్రం 5:20)

అయితే బార్ నేనే పైకి ఎత్తొచ్చా? హుక్ కూడా మార్చాలా?

బరంపురం పాత మెకానిక్ (సాయంత్రం 6:00)

నువ్వే చెయ్యి. తొందర లేకుండా పగటి వెలుతురులో చెయ్యి. హుక్‌ను కదపకు. ఆయన బార్ దించాడే గానీ హుక్ ముట్టుకుని ఉండడని నా నమ్మకం. ముట్టుకుని ఉంటే ఆ గుంట అంత సరిగ్గా 5 మి.మీ. దగ్గర ఉండదు.

నీడిల్ ప్లేట్ తీసెయ్యి. కింద దారం, బాబిన్ తీసెయ్యి. 135×16 సూది పైకి తగిలేదాకా నెట్టి బిగించు. పొడుగు గాడి దారం ఎక్కే వైపు ఉండాలి, చెక్కి పల్చన చేసిన వైపు హుక్ వైపు ఉండాలి. క్లాంపు స్క్రూ పూర్తిగా ఊడదీయకు, అరచుట్టు వదులు చెయ్యి. బార్ పట్టుకుని మెలి తిరగనివ్వకుండా పైకి నెట్టు. పాత గుంట స్క్రూ కిందికి వచ్చి దాక్కునేదాకా నెట్టి బిగించు. తరువాత చక్రం నీ వైపు తిప్పుతూ సూదిని బాగా అడుగుకి దింపు. అక్కణ్నుంచి 2 నుంచి 2.5 మి.మీ. పైకి లేచినప్పుడు హుక్ మొన సరిగ్గా సూది నడిమి గీత మీదికి రావాలి, సూది కన్ను పై అంచు కన్నా 1.5 మి.మీ. ఎత్తులో ఉండాలి. మొనకీ సూదికీ మధ్య సందు పల్చటి కాగితమంత, అంటే 0.1 మి.మీ. లోపు. తగలకూడదు, దూరంగానూ ఉండకూడదు. కచ్చితమైన అంకె నీ మోడల్ పుస్తకంలో ఉంటుంది, అది ప్రింటు తీసి గోడకి అంటించు.

అంతా కుదిరాక చక్రం చేత్తో ఇరవై సార్లు తిప్పు. ఎక్కడా గట్టిగా పట్టకపోతేనే మోటారు.

పర్లాకిమిడి బెల్టులు (మర్నాడు, ఉదయం 11:30)

బాబాయ్ గారూ, గుంట స్క్రూ కిందికి వచ్చింది. హుక్ మొన మీరన్న చోటే వచ్చి నిలబడింది. చక్రం చేత్తో తిప్పుతుంటే చప్పుడు లేదు. రెండు పొరల బెల్టు, లోపల అట్ట, 6 మి.మీ. మందం, ఒక్క కుట్టు దాటలేదు. మా ఆవిడని పిలిచి చూపించాను.

ఒక్కటే మిగిలింది. టికెట్ 20 బాండెడ్ నైలాన్ వేశాను. అడుగున్నర కుట్టేసరికి పై దారం పోగులు లేచి దూదిలా అవుతోంది.

జయపురం తోలుపని (మధ్యాహ్నం 12:15)

విరిగిన మూడు సూదులూ పోతూ పోతూ హుక్‌కి గాటు పెట్టి ఉంటాయి. చెవిలో పెట్టుకునే దూదిని పల్చగా లాగి హుక్ మొన మీద, బాబిన్ కేస్ అంచు మీద, సూది ప్లేటు చిల్లు చుట్టూ మెల్లగా రుద్దండి. పోగు చిక్కుకున్న చోటే గాటు. 1000 నంబర్ నీటి ఎమరీ కాగితం సన్నగా కోసి ఆ చోటు ఒక్కటే నునుపు చేయండి. ఆ తరువాత దారానికే ఇత్తడి పాలిష్ పేస్టు రాసి, గాటు ఉన్న చోట అటూ ఇటూ లాగండి. దారం ఎక్కడ నడుస్తుందో అక్కడే నునుపు అవుతుంది. హుక్ మొన పొడవు మాత్రం అరగనివ్వొద్దు. మొన అరిగితే టైమింగ్ ఎంత సరిగ్గా ఉన్నా లూప్ అందదు, హుక్ మార్చాల్సిందే.

టికెట్ 20 అంటే టెక్స్ 135, అంటే 1000 మీటర్ల దారం 135 గ్రాముల బరువు. దానికి 22 సూది సరే, గట్టి తోలైతే 23 వేయండి. టికెట్ నంబర్ పెరిగితే దారం సన్నబడుతుంది, సూది నంబర్ పెరిగితే సూది లావవుతుంది. కొత్తలో నేను దీన్ని తిరగేసి చదివి ఒక పెద్ద చుట్ట దారం వృథా చేశాను. సీటు కవర్ల లాంటి ఎండలో ఉండే సరుకుకి నైలాన్ వద్దు, పాలిస్టర్ వేయండి. ఎండకి నైలాన్ త్వరగా బలం పోగొట్టుకుంటుంది.

ఇచ్ఛాపురం సీటు కవర్లు (మధ్యాహ్నం 12:50)

అవును, సీటు కవర్లకి నేను పాలిస్టరే. నిన్న హుక్ తిప్పమని తొందరపడి రాశాను, జయపురం తమ్ముడు ఆపడం మంచిదైంది. మోటారు సంగతి మాత్రం గట్టిగా చెబుతాను: రెడ్యూసర్ పెట్టించు. నాది పాత క్లచ్ మోటారు. నిమిషానికి 1440 చుట్లు, మోటారు పుల్లీ 80 మి.మీ., మెషీన్ చక్రం 120. లెక్క వేస్తే నిమిషానికి 960 కుట్లు. సెకనుకి 16. పెడల్ మీద కాలు ఆనించడం తప్ప ఆపడం చేతకాదు. మధ్యలో మూడింతలు తగ్గించే పుల్లీ పెట్టాక మనిషిలా కుడుతోంది.

గుణుపురం సంచులు (మధ్యాహ్నం 2:10)

క్లచ్ మోటారుకి ఖర్చు పెట్టే బదులు సర్వో మోటారు వేసుకోవడం మేలు అన్నయ్యా. క్లచ్ మోటారు మనం కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది. సర్వో పెడల్ నొక్కితేనే తిరుగుతుంది. నాది 550 వాట్లది, 45 మి.మీ. పుల్లీ వేశాను. కింది స్పీడు 200 పెడితే, 200 ఇంటూ 45 బై 120, నిమిషానికి 75 కుట్లు. మూల తిరిగేటప్పుడు ఒక్కొక్క కుట్టు లెక్కపెట్టుకోవచ్చు. సూది కిందే ఆగేలా పొజిషనర్ కూడా పెట్టించాను, మూల తిప్పడానికి చక్రం మీద చెయ్యి వేయక్కర్లేదు.

ఒక ఇబ్బంది ఉంది. సాయంత్రం మా వీధిలో వోల్టేజి పడిపోతుంది. సర్వో బోర్డు ఎర్రర్ చూపించి ఆగిపోయేది. స్టెబిలైజర్ పెట్టి, ఎర్త్ సరిచేయించాక పోయింది. ఎర్త్ లేకుండా సర్వో వేయకండి.

ఇచ్ఛాపురం సీటు కవర్లు (మధ్యాహ్నం 2:30)

సర్వోకి అడుగు స్పీడులో బలం చాలదమ్మా, మందమైన చోట ఆగిపోతుంది. మాకు అదే జరిగింది.

గుణుపురం సంచులు (మధ్యాహ్నం 2:45)

పెద్ద పుల్లీతో పెట్టి ఉంటారు. చిన్న పుల్లీ వేసి, అప్పటికీ చాలకపోతే సర్వోకి కూడా రెడ్యూసర్ కలపొచ్చు. స్పీడు మూడో వంతుకి దిగితే లాగే బలం మూడింతలకి దగ్గరగా వస్తుంది.

బరంపురం పాత మెకానిక్ (మధ్యాహ్నం 3:30)

ఇద్దరూ చెప్పింది నిజమే. బాబూ, నీకు ముందు సర్వో, చిన్న పుల్లీ. పుల్లీ మార్చాక మోటారు బెల్టు పొడవు కూడా మారుతుంది, గుర్తు పెట్టుకో. వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు పైన దిగాలి. మరీ బిగిస్తే చక్రం వైపు బుష్‌లు అరుగుతాయి. ఇంకో మాట: 6, 7 మి.మీ. దాటిన గుర్రపు జీను, మందమైన పట్టాలు ఆ మెషీన్ మీద పెట్టకు. ఎంత మోటారు పెట్టినా దాని బార్ ఎత్తు అంతే. ఆ పనికి 441 క్లాసు మెషీన్ వేరే ఉంది.

ఇక పళ్ల సంగతి. ఉన్న పళ్లు అరగదీయవద్దు. ఒకసారి అరగదీశాక రెగ్జిన్, కాన్వాస్ కుట్టాల్సి వస్తే అవి పట్టవు. ఇంకో సెట్ కొని, దాన్ని నునుపు చేయించి తోలు పనికి ఉంచుకో. ముందుగా అసలు పళ్లు ప్లేటు పైకి ఎంత లేస్తున్నాయో చూడు. 1 మి.మీ. దాటి ఉంటే దించు. చాలాసార్లు గాట్లు సగం అక్కడే పోతాయి. పాదం ఒత్తిడి కూడా అవసరానికి మించి ఉంచకు. అలాగని మరీ వదలకు, సూది పైకి లేచేటప్పుడు తోలు దాంతో పాటు లేచిందంటే మళ్లీ కుట్టు దాటుతుంది.

పర్లాకిమిడి బెల్టులు (రెండు రోజుల తరువాత, సాయంత్రం 7:15)

హుక్ గాటు దూది పట్టి చూపించింది. నునుపు చేశాక దారం శుభ్రంగా వస్తోంది. పళ్లు 1.5 మి.మీ. లేస్తున్నాయి, దించాను. బయటి పాదం అడుగునా పళ్లుంటాయి కదా, అది ఇంకో జత తెప్పించి, దాని పళ్లు ఆకురాయితో తీసేసి 400, 800, 1200 కాగితాలు వరసగా పట్టాను. మా ఊళ్లో కొమ్ము పనివాళ్లు దువ్వెనలు, బొమ్మలు మెరుగు పెట్టే బఫ్ చక్రం ఉంటుంది కదా, అక్కడికి తీసుకెళ్తే పావుగంటలో అద్దంలా చేసి ఇచ్చారు. తోలు మీద ఇప్పుడు గీత కూడా పడట్లేదు.

ఒక తప్పు జరిగింది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఆకురాయి పట్టిన బల్ల మీదే సాయంత్రం కరక్కాయ పదును పట్టిన తోలు తడిపి పరిచాను. పొద్దున్నే చూస్తే తోలు నిండా ఆవగింజలంత నల్ల మచ్చలు. నూనె అనుకుని తుడిస్తే పోలేదు.

జయపురం తోలుపని (సాయంత్రం 7:50)

అది ఇనుప రజను. చెట్టు పదును పట్టిన తోలులో టానిన్ ఉంటుంది, తడిలో ఇనుము తగిలితే నల్లబడుతుంది. వెనకటి వాళ్లు కరక్కాయ, అన్నభేది (ఇనుప ఉప్పు) కలిపి సిరా చేసుకున్నది ఇలాగే. నిమ్మరసం నీళ్లలో కలిపి గుడ్డతో అద్దండి, తాజా మచ్చలు చాలా వరకు పోతాయి. తరువాత మంచినీళ్లతో తుడిచి నీడన ఆరబెట్టండి. క్రోమ్ తోలుకి ఈ బాధ ఉండదు. అరగదీసే బల్ల, తోలు పరిచే బల్ల వేరుగా పెట్టుకోండి.

పర్లాకిమిడి బెల్టులు (రాత్రి 8:40)

నిమ్మరసానికి సగం పైగా పోయాయి అన్నా. మిగిలిన ముక్క బెల్టు లోపలి పొరకి వాడేస్తాను. ఇంకో అనుమానం. ఈ మెషీన్‌లో పాత నూనె జిగురులా పసుపు పచ్చగా గడ్డకట్టి ఉంది. కొబ్బరి నూనె వాసన వస్తోంది.

గుణుపురం సంచులు (రాత్రి 9:05)

కొబ్బరి నూనె అయితే వెంటనే కడిగేయండి. నూనె విషయంలో నేను చాలా కష్టపడి నేర్చుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంశధార పొంగినప్పుడు మా షాపులోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే సిలిండర్ ఆర్మ్ లోపలంతా ఒండ్రు మట్టి. చక్రం కదల్లేదు. స్విచ్ వేసి చూద్దామని మా తమ్ముడు అన్నాడు. నేను ప్లగ్గే తీసేశాను. మోటారు విప్పి ఎండబెట్టడానికి పంపించి, మెషీన్‌ని కిరసనాయిలు తొట్టిలో పెట్టి మూడు రోజులు బ్రష్షుతో, సూదితో నూనె చిల్లులు ఒక్కొక్కటే తోడాను. సిలిండర్ కింది మూత తీసి హుక్ షాఫ్ట్ మీద మట్టి గోరుతో తీశాను. మూడో రోజు సాయంత్రం చక్రం వేలెడంత కదిలింది. అప్పుడు ఏడుపొచ్చింది. నాలుగో రోజు పూర్తిగా తిరిగింది. ఆ మెషీనే ఇవాళా నా దగ్గర కుడుతోంది.

కిరసనాయిలు కడగడానికే. ఆరాక తెల్లటి మెషీన్ నూనె వేయాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు ఎర్ర గుర్తున్న ప్రతి చిల్లులో రెండు చుక్కలు, హుక్ అంచున ఒక చుక్క. తరువాత పాత తోలు ముక్క మీద ఒక నిమిషం కుట్టి ఎగస్ట్రా నూనె వదిలించాకే గిరాకీ సరుకు పెట్టండి.

జయపురం తోలుపని (రాత్రి 9:30)

కోరాపుట్ కొండ మీద డిసెంబరులో కొబ్బరి నూనె సీసాలో వెన్నలా గడ్డకడుతుంది. మెషీన్ బుష్‌లోనూ అంతే. మా దగ్గర చలికాలం పొద్దున్నే బిగుసుకున్న మెషీన్లు చాలావాటిలో నేను చూసింది ఆ నూనే.

పర్లాకిమిడి బెల్టులు (మర్నాడు, రాత్రి 8:20)

కడిగాను, ఆరబెట్టాను, నూనె వేశాను. చక్రం ఒక్క వేలితో తిరుగుతోంది. ఇవాళ పన్నెండు బెల్టులు కుట్టాను. చివరిదాని దగ్గర దారం చిక్కి టక్‌మన్నాక చక్రం తిరుగుతోంది గానీ హుక్ తిరగట్లేదు. ఏదైనా విరిగిందా బాబాయ్ గారూ?

బరంపురం పాత మెకానిక్ (రాత్రి 8:45)

విరగలేదు, భయపడకు. అది సేఫ్టీ క్లచ్. దారం చిక్కినప్పుడు హుక్ పాడవకుండా అదే విడిపోతుంది. చిక్కిన దారం మొత్తం తీసెయ్యి, బాబిన్ కేస్ కింద కూడా చూడు. క్లచ్ బటన్ వేలితో నొక్కి పట్టుకుని చక్రాన్ని వెనక్కి గట్టిగా తిప్పు. టక్‌మని మళ్లీ కలుస్తుంది. కలిశాక సూది, హుక్ కలిసే చోటు మొన్నటిలాగే ఉందో లేదో ఒకసారి చూసుకుని కుట్టు.

పర్లాకిమిడి బెల్టులు (రాత్రి 9:10)

కలిసింది. పదమూడో బెల్టు కుడుతున్నాను. మీరన్న చీటీ కూడా రాసి మెషీన్ తల మీద అంటించాను: సూది 135×16, 22 లేదా 23. డీపీ×5 వేయొద్దు. కింద ఒడియాలో కూడా రాయించాను.